మా అత్త అన్నం అడగలేదు

బీడీలు చుట్టే తునికాకు సీజన్ మొదలైన మూడో రోజు. అడవి నుంచి తెచ్చిన ఆకు మోపు విప్పి మా అత్త ముందు పోశాను. ఆమె ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. మధ్యాహ్నానికి నా కట్టలన్నీ అయిపోయాయి. ఆమె చేతిలో ఇంకా అదే ఆకు ఉంది.

సిరొంచ పక్కన మా ఊళ్లో ఆకు కట్టలు కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నోరూ అంతే. కట్టలు పూర్తయ్యేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదని ఇంట్లో రూలు పెట్టింది ఆమే. నేను పచ్చి బాలింతగా ఉన్నప్పుడు కూడా దాన్ని సడలించలేదు. అందుకే ఆ రోజు నాకు జాలి కలగలేదు.

"అత్తా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి కడ్తలేవేంది?"

"కడ్త తియ్యి."

కట్టలేదు. తర్వాత స్నానం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. ఏడుపు లేదు, దిగులు లేదు. అందరి పేర్లూ గుర్తున్నాయి కాబట్టి జబ్బని మాకు తోచలేదు. "అవ్వకు జర బద్ధకమైంది" అన్నాడు మా ఆయన.

ఆయన ఆకు ఆరబెట్టే కళ్లం కాపలాకు పోయి రెండు రోజులు ఇంటికి రాలేదు. అప్పుడు ఆమె రూలు ఆమెకే పెట్టాను. అన్నం గిన్నె ఎదురుగా ఉంచి, "కట్టినోళ్లకే అన్నమంటివి గద. ఆకలైతే నువ్వే అడుగుతవు" అన్నాను.

అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఎంత పంతం ముసలిదానికి అనుకున్నాను. చేయి చాస్తే అందేంత దూరంలో నీళ్ల బిందె ఉంది, దాన్నీ ముట్టలేదు. మూడో రోజు పొద్దున కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

సిరొంచలో సెలైన్ ఎక్కించి, డీహైడ్రేషన్ అని చెప్పి మంచిర్యాల పంపారు. బ్లడ్ టెస్టులు, సీటీ స్కాన్ అయ్యాక డాక్టర్ అడిగాడు: "ఎన్నడు తిన్నదమ్మా?"

మా ఆయన నా మొహం చూశాడు. జరిగింది చెప్పేశాను.

"ఇది డిమెన్షియా. కొందరికి మతిమరుపు కంటే ముందే అపతీ, అంటే ఏదీ చెయ్యబుద్ధి కాకపోవుడు, వస్తది. బద్ధకం కాదు, పంతం కాదు. ఆకలైనా లేచి తినే పని మెదడు మొదలుపెట్టదు. దీనికి గట్టి మందు లేదు. మీరే మొదలుపెట్టియ్యాలె."

రెండు వారాలు మంచంలోనే ఉంది. నడుము దగ్గర బెడ్‌సోర్ పడింది. పుండు మానింది గానీ నడక మళ్లీ రాలేదు. ఫిజియోథెరపీ చేయిద్దామంటే లేవాలన్న మనసే లేదు.

ఇప్పుడు ముద్ద ఆమె చేతిలో పెట్టి, ఆ చేయి నోటిదాకా తీసుకెళ్తాను. రెండో ముద్ద తనే తింటుంది. మధ్యలో ఆగితే మళ్లీ చేయి పట్టుకుంటాను. ఒకరోజు ఉండబట్టలేక ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

"అత్తా, నన్ను తిట్టు."

"తిడ్త తియ్యి" అంది.

తిట్టలేదు. ఇంకా ఎదురుచూస్తున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఊరికే కూర్చుండిపోతే, తింటావా అని అడగకండి. మొదటి ముద్ద చేతిలో పెట్టండి. మా అత్త రెండు రోజులు కూర్చున్నది ఆ ఒక్క ముద్ద కోసమే.