జొన్నచేనుకు కట్టిన పాట

హాస్టలు నిండా పిల్లలకు వండిపెట్టి వచ్చినామెకు తన ఇంట్లో పొయ్యి ముట్టించాలంటే ప్రాణం మీదికొస్తుంది. నాగరాణిది అదే బతుకు. వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటామె. తెల్లారకముందే తాండూరులో రైలెక్కి, పొద్దుగూకినాక మళ్లీ అక్కడే దిగుతుంది. నడుము నొప్పి ఒకటి, మోకాళ్లది ఒకటి. వీటికి తోడు రోజూ కూరకు వంక పెట్టే వార్డెనమ్మ. ఇంటికొచ్చి చల్లన్నంలో ఇన్ని మజ్జిగ నీళ్లు పోసుకుని పడుకుంటే చాలు దేవుడా అనిపిస్తుంది. ఇంట్లో ఆమె ఒక్కతే, అడిగేవాళ్లు లేరు.

ఆదివారం మాత్రం తనకోసం వండుకుంటుంది. కందిపప్పు, ఎల్లిపాయ పోపు, జొన్నరొట్టె. పప్పు ఉడికే వాసనకు తండ్రి బాలస్వామి గుర్తొస్తాడు. ఆయన గొర్లు కాసేవాడు, డోలు మోతతో ఒగ్గు కథ చెప్పేవాడు. ఆయన గొంతెత్తితే పొయ్యి దగ్గర కూర్చున్న చిన్న నాగరాణి నోరు తెరుచుకుని వినేది. పప్పు మాడేది. ఆయన నవ్వుకుంటూ తినేవాడే తప్ప ఏనాడూ కసరలేదు.

ఆ గొంతు ఒకే ఒక్క క్యాసెట్లో ఉంది. ఎవరో చుట్టం టేపురికార్డరు తెచ్చి, ఇంట్లోనే కథ చెప్పించి రికార్డు చేసిన క్యాసెట్టు అది. తండ్రి పోయాక క్యాసెట్టు ఊళ్లో తమ్ముడు మల్లేశ్వర్ ఇంట్లో ఉండిపోయింది. దాన్ని వినడానికి మిషను లేదు. ఒకనాడు రైల్లో కునికిపాట్లు పడుతుంటే నాయిన మాట ఎలా ఉండేదో గుర్తు రాలేదు నాగరాణికి. ఎంత తన్నుకున్నా రాలేదు.

అప్పటినుంచి ఆదివారం వంట కాగానే టేపురికార్డరు కోసం కరీముద్దీన్ కొట్టుకు నడిచేది. తాండూరు బజారులో పాత సామాన్ల కొట్టు అది. ఇత్తడి చెంబులు, ఆగిపోయిన గడియారాలు, ఎవరి పెళ్లిలోదో ఒక అత్తరు బుడ్డి. కొనకపోయినా ఒక్కొక్కటే చేత పట్టుకుని చూస్తుంటే కాళ్ల నొప్పి కాసేపు మరిచిపోయేది. చివరికి ఒక ఆదివారం కరీముద్దీనే పిలిచాడు.

"అక్కా, దొరికింది. మస్తు పాతది గానీ తిరుగుతుంది. జర పైలంగ పట్టుకపో."

దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని అప్పటికప్పుడు ఊరి బస్సెక్కింది. మల్లేశ్వర్ ఆ మిషను చూసి, క్యాసెట్టు మాట విని తల గోక్కున్నాడు.

"ఇంట్ల ఉన్న క్యాసెట్లన్నీ ఇప్పి రిబ్బను జొన్నచేనుకు కట్టిన అక్కా. పిట్టలు బెదరాలని. గాలికి మోగుతది, ఎండకు మెరుస్తది. ఊరంత గట్లనే కడ్తరు. నాయినది ఉన్నదని సూసుకోలే."

తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా, నాగరాణికి అదీ లేదు. "కదురు ఉన్నదా ఇంట్ల?" అని మాత్రం అడిగింది. తల్లి ఉన్ని వడికిన కదురు అటక మీద దొరికింది. చేను చుట్టూ కర్రలకు కట్టిన నల్లటి రిబ్బను గాలికి గుయ్యిమంటోంది. మల్లేశ్వర్ ముళ్లు విప్పుతుంటే, మెలి పడకుండా ఉన్ని చుట్టినట్టే కదురుకు చుట్టింది. ఏది నాయినదో, ఏది సినిమా పాటలదో తెలియదు. దొరికిందల్లా చుట్టింది. పొద్దు వాలేసరికి నడుము విరిగినంత పనైంది.

కరీముద్దీన్ ఆ ముక్కలన్నీ అతికి, ఖాళీ డబ్బీలో ఎక్కించి ఇచ్చాడు. "ఎండకు ఖరాబైంది అక్కా. ఎంతొస్తే గంత. ఆశ పెట్టుకోకు."

తర్వాతి ఆదివారం పప్పు పొయ్యి మీద పెట్టి బటను నొక్కింది. గరగర. సగం పాట, మళ్లీ గరగర. చాలాసేపు అంతే. ఎందుకొచ్చిన ఆశ అనుకుని ఆపబోయింది. అంతలో డోలు చప్పుడు వినిపించి, ఠక్కున ఆగింది.

"రాణీ, పప్పు మాడుతున్నది సూడు బిడ్డా."

"ఆఁ నాయినా," అంది నాగరాణి. మోకాళ్లు పట్టుకుని లేచింది, పొయ్యి దగ్గరికి పోయింది. మూత తీసి చూస్తే పప్పు చక్కగా ఉడుకుతోంది. గరిటె చేతిలో పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత టేపులో ఇంకేమీ లేదు, ఒట్టి గరగర. కళ్లు తుడుచుకుని వెనక్కి తిప్పింది. మళ్లీ విన్నది. మళ్లీ తిప్పింది.

ఆనాడు పప్పు మాడిపోయింది.