వెంకాయమ్మ చేతికి సరిపోయేది

మా వదిన ఇక లేదన్న కబురు నాకు గురజాలలో అందింది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న మందుల కొట్టుకు నరసరావుపేట నుంచి ఫోను వచ్చింది. కొట్టు యజమాని గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ వదినగారు పొద్దున పోయారంట. గుండెనొప్పంట" అన్నాడు. అన్న తరువాత నా విస్తరి వంక చూసి, కాసేపు ఆగి చెప్పవలసిందని తోచినట్టు తల దించుకున్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. అన్నం ముందు నుంచి సగంలో లేచినందుకు నన్ను నిలదీసి తిట్టగల మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ దాటి బస్సు వెళుతున్నంతసేపూ నాకు ఆ తిట్టు వినాలని ఉండింది.

ఆమె మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయిన తరువాత, ఏడాది తిరగకుండానే, నరసరావుపేట కోర్టు వెనక వీధిలో మెస్సు తెరిచింది. చుట్టాలు నొచ్చుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. నేను అదే వీధిలో, నాలుగిళ్ల అవతల, నా సొంత గుమ్మంలో ఉంటూ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. పెళ్లి వద్దనుకున్నదాన్ని, ఒకరి పంచన ఉండడం అంతకంటే వద్దనుకున్నదాన్ని. వచ్చి తనతో ఉండమని వదిన ఒక్కనాడూ అనలేదు. ఇరుగుపొరుగు అడిగితే మాత్రం, "దానికి దాని గుమ్మం ఉంది. రమ్మంటే వచ్చిద్ది, ఉండమంటే ఉండదు" అని నవ్వేదట. నన్ను అంత సరిగా అర్థం చేసుకున్నవాళ్లు మా పుట్టింట్లో కూడా లేరు.

ఆమె మెస్సులో తినేవాళ్లు ఎక్కువగా వాయిదాలకు వచ్చినవాళ్లు. బొల్లాపల్లి, శావల్యాపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి, గట్టు తగాదాల కాగితాలు చంకన పెట్టుకుని దిగేవాళ్లు. ముఖం చూసి ఆమె తీర్పు చెప్పగలిగేది. "కేసు పోయినోడికి ఇంకో గరిటె పప్పు వెయ్యండి. గెలిచినోడు ఎట్టయినా తింటాడు" అని వడ్డించేవాళ్లకు ఆజ్ఞ. ఓడినవాడి పక్కన నిలబడి తానేమీ ఓదార్చేది కాదు. పచ్చడి బాగుందా అని అడిగి వెళ్లిపోయేది.

పొయ్యి పట్ల ఆమెకు ఒక మర్యాద ఉండేది. "నిప్పు మన పనిమనిషి కాదే అమ్మాయ్, మన వియ్యపురాలు. మర్యాద తగ్గితే ఊరుకోదు" అనేది. అంత మర్యాద ఇచ్చినా ఒకసారి ఆ వియ్యపురాలు ఊరుకోలేదు. ఈ నాలుగు మాటలు నేను రాయడానికి కారణం ఆ సంగతీ, దాని తరువాత వదిన చేసిన పనీ.

మెస్సు మొదలైనప్పటి నుంచీ వంట రంపపు పొట్టు కూరిన పొయ్యిల మీదే. గారెలు వేయడం వంటమనిషి వెంకాయమ్మ పని. కోర్టు గుమాస్తాలు ఆ గారెల కోసమే టిఫిను మానుకుని వచ్చేవాళ్లంటే అతిశయోక్తి కాదు. తడి చేత్తో పిండి తీసుకుని, ఆకు మీద తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, నూనె కదలకుండా జారవిడిచేది. చెయ్యి తడుపుకోవడానికి ఎప్పుడూ బాణలి పక్కనే ఒక గిన్నెడు నీళ్లు ఉండేవి. ఎక్కడయినా గారెలు వేసేవాళ్ల పక్కన ఆ గిన్నె ఉంటుంది. ఎవరికీ అందులో వింత కనబడదు.

ఈ ఎనభైల మొదట్లో ఊళ్లోకి పెద్ద గ్యాసు సిలిండర్లు వచ్చాయి. వదిన పొట్టు పొయ్యిలు తీయించి గ్యాసు పెట్టించింది. గ్యాసు మంట పొట్టు మంటలా మందలిస్తే వినేది కాదు. ఒక పొద్దున నూనె అతిగా కాగి, బాణలి నిండా మంట లేచింది. వెంకాయమ్మ పక్కనున్న గిన్నె ఎత్తి నీళ్లు పోసింది. జీవితమంతా పొట్టు పొయ్యి దగ్గర గడిపిన చెయ్యి అది. మంట ఎగిరితే నీళ్లు చిలకరించడం తప్ప దానికి వేరే తెలియదు. కాగిన నూనె మీద పడిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను పైకి విసిరికొట్టాయి. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా, మెడ ఒక పక్క కాలిపోయాయి.

గుంటూరు ఆసుపత్రిలో వదినే ఆమె పక్కన పడుకుంది. గాయాలు మానాయి గాని కుడి చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. మెస్సుకు తిరిగి వచ్చిన వెంకాయమ్మ పెరట్లో కూర్చుని కూరలు తరిగేది, బియ్యం ఏరేది, వడ్డనకు విస్తళ్లు కడిగేది. వంటింటి గడప మాత్రం తొక్కేది కాదు. లోపల నూనెలో ఏదైనా వేసిన చప్పుడయితే కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వదిన ఆ రోజు నుంచి మెస్సులో గారెలు ఆపేసింది. అడిగినవాళ్లకు లేవని మాత్రమే చెప్పేది.

వేరే మనిషిని పెట్టి గారెలు వేయించవచ్చు కదా అని ఒకసారి అన్నాను. ఆమె నా వంక తిరిగి, "గారె కోసం కాదే. అది బతికినన్నాళ్లూ ఆ గడప చూసి వణికితే, నేను దాని చెయ్యి పట్టుకుని చేసిందేముంది? దాని భయం పోవాల. అది పోయిందాకా ఈ పొయ్యి నాదనిపించదు" అంది. ఆమె గొంతులో ఏడుపు జీర నేను విన్నది అన్నయ్య పోయినప్పుడూ, అప్పుడూ మాత్రమే.

ఆ తరువాత నెలలో వదిన మంటలార్పే సరంజామా కొనడానికి పూనుకుంది. అప్పట్లో మా ఊరి హోటళ్లలో గోడకు వేలాడే ఎర్ర బక్కెట్లే ఉండేవి. వాటిలో ఇసుక కంటే బీడీ ముక్కలూ, తమలపాకు ఉమ్మీ ఎక్కువ. ఆమె గుంటూరు నుంచి ఒక ఏజెంటును పిలిపించింది. నన్ను కూడా కూర్చోబెట్టుకుంది. "నువ్వు చదువు చెప్పేది ఇట్టాటి రోజు కోసమే" అంది.

ఏజెంటు నాలుగు రకాలు పెరట్లో వరసగా నిలబెట్టాడు. మొదటిది తలకిందులు చేస్తే లోపలి సోడా, ఆమ్లం కలిసి నీళ్లు చిమ్మేది. అది నూనెకు పనికిరాదనీ, వెంకాయమ్మ గిన్నె చేసిన పనే పెద్ద ఎత్తున చేస్తుందనీ చెప్పాను. రెండోది నురగ చిమ్మేది. నూనెకు అది నప్పుతుంది గాని, అంత బరువైనదాన్ని మంట ముందు నిలబడి తిరగేయాలి. మూడోది గట్టి సిలిండరులో బిగించిన బొగ్గుపులుసు వాయువు. అది తిండిని పాడు చేయదు. అయితే నాలుగు వైపులా గాలి ఆడే మా వంటింట్లో అది నిలవదని నాకు అనుమానం. నాలుగోది తెల్లని పొడి. మంటను కప్పేసి ఆర్పుతుంది, దానితో పాటు వండినదాన్నంతా పాడు చేస్తుంది.

"పాడయితే పారబోసుకుంటాం. రేపు మళ్లీ వండుకుంటాం" అని ఆ ఆక్షేపణను వదిన ఒక్క మాటతో తోసేసింది.

ఏజెంటుకు ఉత్సాహం వచ్చింది. పొడి రకంలో అన్నిటికంటే పెద్దదాన్ని ముందుకు జరిపి, చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లుల్లో అంతా అదే పెట్టుకున్నారని చెప్పాడు.

"మిల్లులో అంటుకునేది దూది నాయనా, నా దగ్గర అంటుకునేది నూనె. మిల్లులో ఎత్తేది కావలివాడు, నా దగ్గర ఎత్తేది ఎవరో నువ్వు చూడలేదు" అంటూ ఆమె పెరటి మూలకు తిరిగింది. "వెంకాయమ్మా, ఇట్రా."

వెంకాయమ్మ కూరల ముందు నుంచి లేవకుండానే, "నేనెందుకమ్మా? దోసెల మాస్టర్ని ఎత్తమనండి. ఆడికి కండలున్నయ్యి" అంది.

"కండలున్నోడు ఆ పూట సినిమాకు పోతే?"

దోసెల మాస్టరు అక్కడే ఉన్నాడు. అతని సినిమా పిచ్చి ఊరంతటికీ తెలిసినదే గనుక నెత్తి గోక్కున్నాడు. వెంకాయమ్మ వచ్చింది. వదిన ఒక్కొక్కటే ఆమె చేతికి ఇచ్చింది. నురగది నేల నుంచి లేవలేదు. వాయువుది లేచింది గాని దాని మీట ఆ వేళ్లకు లొంగలేదు. పెద్ద పొడిది ఒడిలోకి తీసుకుని దించేసింది. చివరికి ఏజెంటు సంచిలో అడుగున ఉన్న చిన్నది బయటకు వచ్చింది. అది మోటారు కార్లలో పెట్టుకునేదని అతను సంజాయిషీ చెప్పాడు. వెంకాయమ్మ దాన్ని ఎడమ చంకలో ఇరికించుకుంది. ఎడమ చేత్తో పిన్ను లాగవచ్చు. వేళ్లు ముడుచుకోని కుడి అరచేతి మొదలుతో పైనున్న మీటను గుద్దవచ్చు.

"అత్తా, బిడ్డను ఎత్తుకున్నట్టుంది" అన్నాడు మాస్టరు.

"నీకంటే ఇదే నయం, ఏడవదు" అంది వెంకాయమ్మ. కాలిన తరువాత ఆమె నోట వచ్చిన మొదటి ఎత్తిపొడుపు అదేననుకుంటాను. వదిన ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇంత వంటింటికి అంత చిన్నది చాలదని ఏజెంటు నిజాయితీగానే అన్నాడు. "అయితే రెండియ్యి" అంది వదిన. తరువాత నాతో అన్న మాట నేను ఆ ఏడాది తరగతిలో కూడా చెప్పాను: "సామాను కొనేటప్పుడు గట్టి చెయ్యిని చూసి కొనకూడదు. ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన చెయ్యి ఏదో దాన్ని చూసి కొనాల."

ఆ సూత్రంతోనే మిగతా పనులూ జరిగాయి. పొడవాటి పిడితో బాణలికి సరిపోయే ఇనుప మూత చేయించింది. మంట లేస్తే ముందు అది మూయాలి, తరువాత గ్యాసు కట్టాలి, అప్పటికీ లొంగకపోతే పొడి. గ్యాసు సిలిండర్లను పెరట్లోకి తరలించి, గోడలోంచి గొట్టం వేయించి, కట్టే మీట వెంకాయమ్మ కూర్చునే చోటుకు అందేలా పెట్టించింది. మాస్టరు ఉత్సాహంగా పొయ్యి వెనక గోడకు మేకు కొట్టి, పొడి డబ్బాను అక్కడ తగిలించాడు. "మంట దాటిపోయి తెచ్చుకుంటావంట్రా?" అని వదిన ఆ మేకు పీకించి, రెండు డబ్బాలనూ పెరటి గుమ్మం పక్కన, వెంకాయమ్మ భుజం ఎత్తున తగిలించింది.

ఏడాదికొకసారి ఏజెంటు వచ్చి పాత పొడి తీసి కొత్తది నింపేవాడు. ఎటూ పారబోసే పొడే కదా అని వదిన దానిని ఒక శిక్షణగా మార్చింది. పెరట్లో పాత పెనంలో నూనె గుడ్డలు వేసి మంట పెట్టించేది. ప్రతిసారీ మొదట వెంకాయమ్మనే పిలిచేది. "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా" అని ఆమె తల అడ్డంగా ఊపేది. వదిన బలవంతపెట్టేది కాదు. ఒక ఏడు మాస్టరు ఆర్పాడు, ఒక ఏడు వడ్డించే అమ్మాయి, ఒక ఏడు నా చేత కూడా ఆర్పించింది. పొడి నా కళ్లద్దాల మీద పడితే తన కొంగుతో తుడిచి, "కాలేజీ అమ్మగారు ఇప్పుడు మా మెస్సులో పనికొచ్చిద్ది" అంది.

డబ్బాలు ఏ నిజమైన మంట మీదా ఈనాటి వరకూ ప్రయోగించవలసి రాలేదు. అందరూ అదే వాటి గొప్ప అంటారు. వదిన మాత్రం, వాటిని కొన్న పని ఇంకా జరగలేదనేది.

నేను గురజాల వెళ్లే ముందు రోజు ఆమె ఎడమ భుజం పట్టుకుని కూర్చుని ఉంది. డాక్టరు దగ్గరకు వెళదామన్నాను. వంట చేసేవాళ్లకు భుజం నొయ్యక ఏం నొస్తుందని కొట్టిపారేసి, దారిలో తినమని నాకు పులిహోర కట్టింది. ఆమె చేతి వంట చివరిసారి నేను పిడుగురాళ్ల బస్టాండులో తిన్నాను.

పెద్దకర్మ నాడు వీధిలో షామియానా వేసి, కిరాయి వంటవాళ్లు గారెలు వేశారు. వెంకాయమ్మ ఆ వైపు రాలేదు. పెరట్లో గోడకు తిరిగి కూర్చుని విస్తళ్లు కడుగుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. వదిన అనుకున్నది వదినతోనే పోయిందని ఆ పూట నాకు నమ్మకం కుదిరింది. నా దుఃఖంలో సగం దానికోసమే.

మొన్న ఏజెంటు వచ్చాడు. అతనికి తెలియదు. ఎప్పటిలాగే కేక వేసి పెరట్లోకి వచ్చి, మేడంగారేరని అడిగాడు. మాస్టరు లోపలి గోడ మీద దండ వేసిన ఫొటో చూపించాడు. అతను చెప్పులు వదిలి దండం పెట్టుకున్నాడు. కాసేపటికి, ఈ పని ఇంకో నెల చూసుకుందామని నాతో మెల్లగా అని, సంచి తీసుకోబోయాడు.

"వచ్చినోడివి పోతావెందుకు? కానియ్" అన్న మాట కూరల పక్క నుంచి వచ్చింది.

వెంకాయమ్మ లేచి, గుమ్మం పక్కన డబ్బా తానే అందుకుంది. మాస్టరు పెనంలో గుడ్డలు వేసి అంటించాడు. మంట మోకాలెత్తు లేచేదాకా ఆమె ఆగింది. డబ్బాను ఎడమ చంకలో ఇరికించుకుంది, ఆమె మెడ మీది మచ్చ ఎర్రబడింది. పిన్ను మొదటిసారి రాలేదు. రెండోసారి లాగి, అరచేతితో గుద్దింది. తెల్లని పొడి బుస్సుమని లేచి పెరడంతా కమ్మేసింది. అది అణిగేసరికి మంట లేదు. ఆమె జుట్టూ, చీరా, కాళ్లూ తెల్లగా ఉన్నాయి.

ఖాళీ డబ్బా ఏజెంటు చేతికి ఇచ్చి, ఆమె ఎవరి ముఖమూ చూడకుండా వంటింట్లోకి నడిచింది. కాసేపటికి లోపల నుంచి ఆమె గొంతు మాస్టరును అడగడం వినిపించింది: "మినప్పిండి ఏమన్నా ఉందా? చెయ్యి తడుపుకోను నీళ్లు పెట్టు. కాస్త దూరంగా పెట్టు."

నేను పెరట్లోనే ఉండిపోయాను. సాయంత్రం దాకా అక్కడ ఎవరూ చీపురు వెయ్యలేదు. పెరటి మధ్య నుంచి గడప మీదుగా పొయ్యి దాకా ఉత్తికాళ్ల తెల్లని అడుగులు పడి ఉన్నాయి, అన్నీ లోపలి వైపుకే.