నాలుగు వేళ్ళ ఎత్తు

గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నాలుక పెన్నేటి ఇసుకలో రాలిపోనీ. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీయండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ప్రొద్దుటూరులో నాకొక బాడుగ కారు ఉండేది. పెన్న దాటినప్పుడల్లా దాని చక్రాలు ఇసుకలో కూరుకుపోయేవి. ఎద్దులు కట్టి లాగించాలి. అది నాకు తలవంపులు. అందుకని మిలిటరీవాళ్ళు వేలం వేసిన పెద్ద చక్రాలు నాలుగు తెచ్చి బిగించమన్నాను. బండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. స్టీరింగు ముందు కూర్చుంటే మిద్దెల మీద ఆరబోసిన మిరపకాయలు కనిపించేవి.

మెకానిక్కుకు మాత్రం నచ్చలేదు.

"చూడప్పా, చక్రం పెద్దదైతే మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను ఆయాసపడతాది. స్టీరింగు బరువైతాది. మీటరు ముప్పై చూపిస్తే నువ్వు ముప్పయ్యైదులో పోతాంటావు. అవన్నీ సర్దుకోవచ్చు. మనుషులెక్కితే స్ప్రింగులు కుంగి టైరు మడ్‌గార్డుకు రాసుకుంటాది. రేకు అంచు రెండంగుళాలు కోసేస్తా."

"కొత్తగా రంగేయించినా. రేకు ముట్టుకుంటే నీ చెయ్యి కోస్తా," అన్నాను.

పులివెందులలో మా అక్క ఉండేది. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. ఒక పొద్దున కబురొచ్చింది. మూడు దినాలుగా కడుపునొప్పి, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఖాళీ బండి గాలిలా పోయింది.

బావ పట్టుకుంటే అక్క వాకిట్లోకి వచ్చి, అంత నొప్పిలోనూ బండిని ఎగాదిగా చూసింది.

"ఏందిరా ఇది, కారా, మంచెనా? ఎక్కాలంటే నిచ్చెన తేవాల."

బావ వెనక సీట్లో కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నాలుగు మైళ్ళు పోయామో లేదో రబ్బరు కాలిన కంపు. వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని పొగ లేస్తోంది. బావను ముందుకు మార్చాను. మలుపు తిరిగితే ముందు చక్రం కీచుమంది. అట్లాగే మెల్లగా ముద్దనూరు దాకా ఈడ్చాను. అక్కడ కమ్మరి కొట్టు మూసి ఉంది. టైరు పగిలితే దారిలో దిక్కు లేదు. బావను దింపేశాను.

"బస్సుకు రా బావా. టైముకు పోవాల గదా."

"ఆయప్పనన్నా ఉండనీరా," అంది అక్క. "ఒక్కదాన్నే పడుకోలేను. పొర్లి పడతా."

"నేనుండా గదక్కా."

నేనున్నది ఆమెకు వీపు చూపించి. గతుకు పడినప్పుడల్లా ఆమె సీటు మీద నుంచి జారేది, తనే కూడదీసుకుని లేచేది.

"రేయ్, ఒక చెయ్యి ఇయ్యరా, పట్టుకుంటా."

ఇవ్వలేకపోయాను. ఆ చక్రాలను తిప్పడానికి నాకు రెండు చేతులూ చాలడం లేదు. మళ్ళీ ఒకసారి అడిగింది. తర్వాత అడగలేదు.

పెన్నేటి ఇసుక మీద బండి పడవలా సాగింది. ఎద్దుల్లేవు, తోసేవాళ్ళు లేరు. గట్టెక్కి, "చూసినావా అక్కా!" అని గర్వంగా వెనక్కి తిరిగాను. ఆమె సీటుకింద పడి ఉంది. చెయ్యి మాత్రం నా సీటు వెనక రేకును పట్టుకునే ఉంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది నేనే.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మిరపకాయల సంగతి కల్పించానని మీరనుకుంటారు. దాన్ని వదిలేయండి. కమ్మరి కొట్టు మూసి ఉందన్నది అబద్ధం. తెరిచే ఉంది. కమ్మరి ఉలీ సుత్తీ పట్టుకుని బయటికొచ్చి, "రెండు దెబ్బల పనప్పా," అన్నాడు నాతో. బావ నా మొహంలోకి చూశాడు.

"రంగు పోతాది," అన్నాను.