ప్రమిదల్లో పండుగ కేకులు

వనపర్తి ఊరి బయట మిషన్ వాళ్ల ఆడపిల్లల బోర్డింగు బడిలో జమ్ములమ్మ వంట చేసేది. ఇటిక్యాల దిక్కు మనిషి. పొడుగ్గా, బక్కపలచగా, ఎప్పుడు చూసినా కొంగు నడుముకు బిగించే ఉండేది. బాప్తిస్మం రోజున బడి నడిపే దొరసాని ఆమెకు బైబిలు పేరొకటి పెట్టబోతే ఒప్పుకోలేదు. "మా అమ్మ పెట్టిన పేరు తీసేస్తే, పిలిస్తే పలుకుడు రాదు నాకు" అంది. దొరసాని నవ్వి ఊరుకుంది. పేరు అట్లాగే నిలిచిపోయింది.

కేకు చేయడం ఆమెకు ఆ దొరసానే నేర్పింది. ప్రతి క్రిస్మసుకూ తలా ఒక చిన్న కేకు. కాల్చేంతవరకే పెద్దవాళ్ల పని. ఆ తరువాత ఎవరి కేకును వాళ్లే ముస్తాబు చేసుకోవాలి. ఊళ్ల నుంచి తల్లిదండ్రులు వచ్చి ప్రార్థన గుడి ముందర కూర్చున్నాక, పిల్లలు తమ తమ కేకులు పట్టుకొచ్చి వాళ్ల ముందు పెడతారు. ఏడాది పొడుగునా జొన్నసంకటి తిని చదువుకునే పిల్లలకు తల్లి ముందు గొప్పగా నిలబడేందుకు అదొక్కటే పూట.

యుద్ధం వచ్చింది. దొరసాని ఓడెక్కి తన దేశం వెళ్లిపోయింది. అంగట్లో మైదా కనబడకుండా పోయింది, చక్కెర కార్డు మీద చిటికెడంత వచ్చేది. ఆ ఏడు పండుగకు కేకులుండవని పాస్టరు దశరథంగారి భార్య విజయమ్మ పిల్లలకు ముందే చెప్పేసింది. పిల్లలు ఏమీ అనలేదు. లేదు అంటే ఊరుకోవడం అలవాటైన పిల్లలు. వాళ్లు ఏడ్చి గోల చేసి ఉంటే జమ్ములమ్మ పట్టించుకునేది కాదేమో. ఆ ఊరుకోవడమే ఆమెకు గుచ్చుకుంది.

ఇసుర్రాయి ముందు కూర్చొని గోధుమలు విసిరింది. పాత చీర గుడ్డలో ఆ పిండిని జల్లించింది. చక్కెరకు బదులు బెల్లం. దొరసాని పెట్టిపోయిన రేకు గిన్నెలు తుప్పు పట్టాయి కాబట్టి, కుమ్మరి ఇంటికి వెళ్లి కొత్త ప్రమిదలు తెచ్చి నీళ్లలో నానేసింది. ఇక పిండి పొంగడానికి ఏదో ఒకటి కావాలి. ఒకరోజు పొద్దున్నే ముంతలో ఈత కల్లు పట్టుకొచ్చేసరికి విజయమ్మ గుండెలు బాదుకుంది.

"బోర్డింగులకు కల్లు తెస్తవా జమ్ములమ్మా! అయ్యగారు చూస్తే ఏమన్న ఉన్నదా?"

"తాగనీకి కాదమ్మగారూ. పిండి తాగుతది. కాలినంక వాసన గూడ ఉండదు. జర చూడుండ్రి."

ఒక ప్రమిదలో పిండి పోసి చూసింది. మట్టి మెత్తిన రేకు డబ్బాలో పెట్టి, పైనా కిందా నిప్పులేసి కాల్చింది. గోధుమరంగులో, నడిమికి కొంచెం పగిలి, మెత్తగా పొంగింది. విజయమ్మ తుంచి నోట్లో వేసుకుంది. ఆ తరువాత కల్లు మాట ఎత్తలేదు.

వంటింట్లో జమ్ములమ్మ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల ఒకతి ఉండేది, సరోజ. తొమ్మిదేళ్లుంటాయేమో. వడ్డేపల్లి దగ్గర కూలి చేసుకునే బాలన్న, జోగమ్మల బిడ్డ. వానలు పడక పొలం పనులు లేకపోయేసరికి ఆలుమగలిద్దరూ ఎగువన ఎక్కడో ఏటికి కట్ట కడుతున్నారని మన్ను మోయడానికి వెళ్లారు. పోయేటప్పుడు పిల్లను బోర్డింగులో వదిలారు. జోగమ్మకు అప్పటికే కడుపు. గేటు దగ్గర సరోజ ఏడుస్తుంటే, "కిస్మసుకు వస్త బిడ్డా. నువ్వు చేసిన కేకు తిని పోత" అని చెప్పి వెళ్లింది. ఆ మాటను సరోజ ప్రార్థనలాగా రోజూ వల్లె వేసేది. ఎవరు ఊరి నుంచి వచ్చినా, "మా అమ్మ కనబడ్డదా?" అని అడిగేది.

పండుగ ముందటి రోజు పొద్దున ఎల్లన్న అనే మనిషి వచ్చాడు. కట్ట పని నుంచి సొంత ఊరికి పోతూ దారిలో ఆగాడు. కాళ్లు వాచి ఉన్నాయి. పాస్టరుగారి అరుగు మీద కూర్చొని, నీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు. జోగమ్మకు కొడుకు పుట్టాడు. పచ్చి బాలింతకు చలిజ్వరం తగులుకుంది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అక్కడే ఏటి ఒడ్డున మన్ను చేశారు. బాలన్న పసివాణ్ణి ఎత్తుకుని వెనకాల వస్తున్నాడు, పాలిచ్చే తల్లులున్న చోటల్లా ఆగుతూ. పండుగకైతే చేరుకోలేడు.

నీళ్ల చెంబు తెచ్చిన జమ్ములమ్మ అక్కడే నిలబడిపోయింది.

"పండుగ అయ్యేదాక పిల్ల చెవుల పడొద్దు" అన్నారు దశరథంగారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. ఆయన చెడ్డవాడు కాడు. "నాయిన వచ్చినంక ఆయన నోటితోనే వింటది. ఈ ఒక్క పూటన్న నవ్వుకోని. ఏమంటవ్ జమ్ములమ్మా?"

జమ్ములమ్మ చెంబు తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది.

ఆమెకూ ఒక బిడ్డ ఉండేది. పుష్ప. మొగుడు పోయాక ఆ పిల్లను అత్త దగ్గర వదిలి, కోతలకు దూరపు ఊళ్లకు పోయేది. ఒక ఏడు కోతలు ముగించి, పిల్లకు ఎర్ర గాజులు కొని మూట కట్టుకుని తిరిగి వస్తుంటే, ఊరి వాళ్లు దారిలో ఒక్కొక్కరే ఎదురయ్యారు. "నా బిడ్డ ఎట్లున్నది?" అని అందరినీ అడిగింది. "మంచిగున్నది పో" అన్నారు అందరూ. ఒకరైతే, "గాజులు బాగున్నయే!" అని కూడా అన్నారు. ఆమె నవ్వుకుంటూ, గాజులు చప్పుడు చేసుకుంటూ ఇంటి వాకిట్లోకి వెళ్లింది. గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో పిల్ల పోయి అప్పటికే వారం. బిడ్డ పోయిన దుఃఖం ఏళ్లు గడిచేకొద్దీ కొంత మెత్తబడింది. తాను ఆ దారి పొడుగునా నవ్వుతూ నడిచిన సంగతి మాత్రం మెత్తబడలేదు.

మధ్యాహ్నం వంటింటి వెనక చాపలు పరిచారు. చల్లారిన కేకులను ప్రమిదల్లోంచి తీసి పిల్లల ముందు పెట్టారు. బచ్చలి పండ్లు పిండితే ఊదారంగు వచ్చింది, పసుపు కలిపిన నీళ్లతో పసుపుపచ్చ. ఎండుకొబ్బరి తురుమును కొంత ఊదాలో, కొంత పసుపులో కలిపి, కొంత తెల్లగానే వదిలారు. బెల్లం పాకం బంకగా కాచి కేకు మీద రాస్తే తురుము అంటుకునేది. వేయించిన పల్లీలు, నువ్వులు, విజయమ్మ దాచిపెట్టిన పటికబెల్లం పలుకులు. పిల్లల ముక్కుల మీద, చెంపల మీద, ఆఖరికి జుట్టుకు కూడా ఊదారంగే. ఒకతి పండుగ నక్షత్రాన్ని పెట్టింది. ఒకతి పల్లీలతో గొర్రెపిల్లను చేసింది, దానికి కాళ్లు ఐదు వచ్చాయి. అందరూ పడి పడి నవ్వారు.

సరోజ నవ్వడం లేదు. నాలుక బయటపెట్టి, ఒక్కో నువ్వుగింజను అద్దుతోంది.

"కేకు మీద తేలు ఏందే!" అని అరిచింది పక్క పిల్ల.

"మా అమ్మ చేతి మీద గిట్లనే తేలు పచ్చబొట్టు ఉన్నది" అంది సరోజ తలెత్తకుండా. "కొండి జర వంకర ఉంటది. పొడిచేటప్పుడు మా అమ్మ చెయ్యి గుంజుకున్నదట."

జమ్ములమ్మ పాకం గిన్నె కింద పెట్టేసింది.

"అవ్వా, మా అమ్మ రేపు రాకుంటే, ఎల్లుండిదాక ఇది చెడిపోతదా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. చెడిపోదులే అనొచ్చు, అది నిజమే కూడా. పిల్ల ముఖంలోకి చూసింది. సంతోషం పట్టలేక మెరుస్తున్న ఆ కళ్లను చూస్తే జమ్ములమ్మకు ఎర్ర గాజుల చప్పుడు వినిపించింది. లేచి, "ఇట్ల రా బిడ్డా" అని చెయ్యి పట్టుకుని కట్టెల మోపుల వెనక్కి తీసుకుపోయింది.

"మీ అమ్మ రాదు బిడ్డా."

"ఎందుకు? మేస్త్రి సెలవియ్యలేదా?"

"జరమొచ్చింది. సచ్చిపోయింది బిడ్డా. నీకు తమ్ముడు పుట్టిండు. నాయిన వాన్ని ఎత్తుకొని వస్తుండు."

సరోజ ఆమెను చూడలేదు, తన చేతులను చూసుకుంది. ఊదారంగు అరచేతులను గౌనుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"యాడ పెట్టిన్రు?"

"ఏటి ఒడ్డుకట."

"ఒక్కదాన్నేనా?" పిల్ల తలెత్తింది. "మా అమ్మకు చీకట్ల ఒక్కతే పండాలంటే భయం అవ్వా. నాయిన రాకుంటే నన్ను పక్కకు వేసుకుంటుండె."

జమ్ములమ్మ దగ్గరికి తీసుకోబోయింది. అప్పుడు సరోజ ఆమెను కొట్టడం మొదలుపెట్టింది. పిడికిళ్లతో పొట్ట మీద, చేతుల మీద. "నువ్వెందుకు చెప్పినవ్? నువ్వెందుకు చెప్పినవ్?" అంటూ కొట్టింది. జమ్ములమ్మ చేతులు అడ్డం పెట్టలేదు. అవతల పిల్లల నవ్వులు ఆగిపోయాయి.

దశరథంగారికి కోపం వచ్చింది. కేకలేసే మనిషి కాదు. "ఒక్క పూట ఆగలేకపోయినవా?" అన్నారంతే.

"ఆగలేకపోయిన అయ్యగారూ" అంది జమ్ములమ్మ.

మర్నాడు గుడి నిండా బంతిపూలు, రంగు కాగితాలు. ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు కేకులు చేతిలో పట్టుకుని తినడానికి మనసొప్పక తిప్పి తిప్పి చూసుకున్నారు. సరోజ పాట పాడలేదు, ఏడవనూ లేదు. వరుస చివర, తేలు కేకు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జమ్ములమ్మ దూరం నుంచి చూసింది. తాను చేసింది మంచో చెడో ఆమెకు తెలియలేదు. చెప్పకపోయి ఉంటే ఈ పూట ఆ పిల్ల గేటు వైపు చూస్తూ పాడుతూ ఉండేది. అది మాత్రం తెలుసు.

కొత్త సంవత్సరం ఇంకా రాకముందే బాలన్న వచ్చాడు. వచ్చి లోపలికి రాలేదు. కంచె అవతల, పసివాణ్ణి పాత ధోవతిలో చుట్టుకుని, ఎండలో నిలబడిపోయాడు. నీళ్లకు పోయిన జమ్ములమ్మ చూసి పిలిచినా కదల్లేదు.

"ఎట్ల చెప్పాలె పెద్దమ్మా? దారి పొడుగున అదే అనుకుంటొచ్చిన. నోట్లకెల్లి మాట రాదు."

జమ్ములమ్మ చెప్పేలోపే సరోజ వెనక నుంచి వచ్చింది. ముందు తమ్ముణ్ణి తండ్రి చేతుల్లోంచి తీసుకుంది. ఆ తరువాత, "నాకు తెల్సు నాయినా. నువ్వు చెప్పకు" అంది.

బాలన్న అక్కడే కూలబడ్డాడు. ఇన్నాళ్లూ బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. అంత మనిషి కంచె పట్టుకుని ఏడుస్తుంటే సరోజ తమ్ముణ్ణి ఊపుతూ నిలబడింది. కొంచెం సేపటికి లోపలికి పోయి కేకు తెచ్చింది. రాయిలా గట్టిపడింది. మేకపాలలో నానబెట్టి, ముద్ద చేసి, తండ్రి నోటికి అందించింది. అతను తేలును చూశాడు, వంకర కొండిని చూశాడు. తిన్నాడు.

జమ్ములమ్మ అతన్ని బతిమాలింది. "పిల్లనన్న ఉంచిపో కొడుకా. చదువు బాగొస్తది దానికి. పసోన్ని గూడ నేనే సాకుత, అయ్యగారి కాళ్లు పట్టుకుంట."

విజయమ్మ కూడా చెప్పింది. బాలన్న తల అడ్డంగా ఊపాడు. "పనికి పోతే వీన్ని ఎవరు పట్టుకోవాలె? వీడు గూడ యాడనో ఉంటే నేనెవరి కోసం బతకాలె? జర పెద్దగైనంక పిల్లను తోలిస్త పెద్దమ్మా. ఒట్టు."

మర్నాడు పొద్దున బయలుదేరారు. జమ్ములమ్మ పల్లీలు, బెల్లం మూట కట్టి ఇచ్చింది. సరోజ తమ్ముణ్ణి చంకనేసుకుంది. పిల్ల మీద పిల్ల, నడుము ఒక పక్కకు వంగిపోయింది. కట్టెల మోపుల వెనక ఆ రోజు తరువాత జమ్ములమ్మతో ఆమె మాట్లాడలేదు. ఇప్పుడు దగ్గరికి వచ్చి, "అవ్వా, మేకపాలల్ల నీళ్లు ఎన్ని పోయాలె వీనికి?" అని అడిగింది.

జమ్ములమ్మ చెప్పింది. వెచ్చగా ఉండాలని, గుడ్డ పీలికతో చుక్క చుక్కగా పట్టాలని, తాగినంక భుజానేసుకుని వీపు నిమరాలని. సరోజ శ్రద్ధగా విని తల ఊపింది. ఆ తరువాత తండ్రి వెనకాల నడిచింది.

బాలన్న పిల్లను మళ్లీ బోర్డింగుకు పంపలేదు. ఆ తరువాత కూడా జమ్ములమ్మ బోర్డింగులో చాలా ఏళ్లు పనిచేసింది. యుద్ధం అయిపోయింది, మైదా మళ్లీ అంగడికి వచ్చింది, కొత్త దొరసాని వచ్చింది. పండుగ కేకులు ఏ ఏడూ ఆగలేదు.

ఎగువ పనుల నుంచి కూలీలు గుంపులు గుంపులుగా తిరిగొచ్చే కాలంలో మాత్రం ఆమె వంట తొందరగా ముగించి బాట మీదికి వచ్చి నిలబడేది. ఎవరు పోతున్నా ఆపి అడిగేది.

"వడ్డేపల్లి దిక్కు పిల్ల, సరోజ అని. సంకల తమ్ముడుంటడు. యాడనన్న కనబడ్డదా?"

ఒక ఏడు, నెత్తిన మూట ఉన్న ముసలమ్మ ఒకతి ఆగి, ఆమెను ఎగాదిగా చూసి, జాలిగా అంది. "కట్ట కాడ ఆడపిల్లలందరూ సంకల తమ్ముళ్లతోటి గట్లనే ఉంటరమ్మా. ఏ పిల్లనని చెప్పాలె నీకు?"