శనివారం బాయి దిగినాయన

దవాఖాన కాంపౌండరు దగ్గరికి నేను భక్తితో పోలేదు. నాకు ఒక ప్రశ్నకు జవాబు కావాలి, అదీ రెండు రోజుల్లో కావాలి. ఆయనేమో ఒక్క వాక్యానికి ఒక సాయంత్రం తీసుకునే మనిషి. ఇద్దరికీ ఎక్కడ కుదురుతుంది?

ప్రశ్న మా అమ్మది. డెబ్బైల మొదట్లో సంగతి. గోదావరిఖనిలో మా అన్న బాయిలో బొగ్గు నింపేవాడు. బాయి అంటే మాకు గనే. నాది అదే బాయి మీద ల్యాంపు రూములో పని. షిఫ్టుకు దిగేవాళ్ళకు టోపీకి పెట్టుకునే బత్తీలు ఇచ్చి, పైకి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టేవాణ్ణి. ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది నేను. అన్న రెండేళ్ళు నన్ను ఆటపట్టించి, చివరికి తనే సరే అన్నాడు. ఒక ఆదివారం గోదావరిలో ముంచడానికి పెద్దపల్లి నుంచి పాస్టరుగారు వస్తానన్నారు. రోజూ భూమి కిందికి దిగే మా అన్నకు మొలలోతు నీళ్ళంటే భయం. ఆ ఆదివారం నాకు డ్యూటీ పడింది. నా మాట వల్ల మారిన మొదటి మనిషి నీళ్ళలో దిగుతుంటే నేను గట్టున లేకపోవడమా? ఒక్క వారం ఆగమన్నాను. ఆగాడు. ఆ ఆదివారం దాటాక, గురువారం బాయిలో పైబండ కూలింది. అన్న దాని కింద పోయాడు.

అమ్మ మా దేవుణ్ణి నమ్మిందీ లేదు, తిట్టిందీ లేదు. దినాలు అయిపోయాక నన్ను పక్కన కూచోబెట్టుకుంది.

"నీళ్లల్ల మునగకుంటనే పాయె గద కొడుకా. మీ దేవుడు మీ అన్నను రానిస్తడా?"

పాస్టరుగారిని అడిగితే అది దేవుని చేతిలో ఉంది, మనం చెప్పలేం అన్నారు. మంచి మనిషే. కానీ ఆ మాట పట్టుకుని ఇంటికి ఎలా పోను? పైగా ఆగమన్నది నేనేనని అమ్మకు చెప్పలేదు.

కాంపౌండరు కేరళ నుంచి వచ్చినవాడు, తాతముత్తాతల నుంచీ క్రైస్తవుడు. వాళ్ళది సిరియా వైపు నుంచి వచ్చిన పాత సంఘం. ఆయన దగ్గర అట్టలూడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. యేసు తర్వాత కొన్ని వందల ఏళ్ళకు తూర్పు దేశాల్లో బతికిన సంఘ పితరులు లేఖనాలకు చెప్పిన అర్థాలు అందులో ఉన్నాయి. వాక్యాన్ని ఒంటరిగా చదవకూడదట, ఆ ముసలివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదవాలట. ఆయన నిలబడి చదివేవాడు. సగం హిందీలో, సగం తెలుగులో నాకు చెప్పి, గోడ వైపు చూస్తూ ఊరుకునేవాడు. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పేజీ తిప్పండి, తర్వాత ఏముందో చూద్దాం అనేవాణ్ణి. తాగే ముందు ఊపాల్సింది మందు సీసాను, నిన్ను కాదు అని నవ్వేవాడు.

ఒక సాయంత్రం ఎవరికో కట్టు కట్టడానికి ఆయన లోపలికి వెళ్ళాడు. నేనే పేజీలు తిప్పాను. బాప్తిస్మం అన్న మాట కనబడితే ఆగాను. బాప్తిస్మాన్ని వాయిదా వేసేవాళ్ళను ఒక పితరుడు మందలిస్తున్నాడు. అమ్మ రావాలి, అన్నదమ్ములు పక్కన ఉండాలి అని ఆగవద్దంటున్నాడు, ఈలోపు చావు వస్తే ఏం చేస్తావంటున్నాడు. నా పదో తరగతి ఇంగ్లీషుకు ఇంకే పేజీ అంత తేలిగ్గా అర్థం కాలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఎన్ని వందల ఏళ్ళ కిందటి మనిషో, నా సంగతి ఆయనకు ఎవరు చెప్పారని ఒళ్ళు మండింది. పుస్తకం బల్ల మీద పడేసి వచ్చేశాను.

ఆ వారమంతా నేను మనిషిని కాను. ల్యాంపు రూము కిటికీ దగ్గర బత్తీల నంబర్లు తప్పు చదివాను. ఒకరి బత్తి ఇంకొకరికి ఇచ్చి షిఫ్టును నడిపే సర్దారుతో మాటలు పడ్డాను. అమ్మ మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు, అడిగినా బాగుండేది.

చివరికి కాంపౌండరే ల్యాంపు రూముకు వచ్చాడు. అంతా చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. బతికున్నవాళ్ళను తొందరపెట్టడానికి ఆ పెద్దలు అలా తిడతారు, చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ గొంతే వేరు, రేపు రా అన్నాడు.

మర్నాడు చదివింది శనివారం గురించి. యేసు శుక్రవారం చనిపోయి ఆదివారం లేచాడు. మధ్యలో శనివారం ఏం చేశాడని నేనెన్నడూ అడగలేదు. చనిపోయినవాళ్ళున్న చోటికి దిగాడంటారు ఆ పితరులు. అక్కడి తలుపులు విరగ్గొట్టి, ఆదాము చెయ్యి పట్టుకుని పైకి లాగాడట. నేను కూచున్నచోటి నుంచి లేచాను. మరి అందరినీ తెచ్చాడా అని అడిగాను. కాంపౌండరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొందరు పితరులు అందరినీ తెచ్చాడన్నారు, కొందరు తనకోసం ఎదురుచూసినవాళ్ళనే తెచ్చాడన్నారు, వాళ్ళలో వాళ్ళకే కుదరలేదని చెప్పాడు. ఇంత లావు పుస్తకంలో వీళ్ళకు కొట్లాడుకోవడానికి ఇదే చోటు దొరికిందా అనిపించింది.

ఇంటికి పోయేసరికి అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. అందరినీ తెచ్చాడన్న మొదటి మాట ఒక్కటే చెప్పి ఊరుకుందామని దారి పొడుగునా అనుకున్నాను. చదువు రాని మనిషి, రెండోది ఆమెకు ఎవరు చెప్తారు? కానీ అన్న విషయంలో ఇంకొకటి దాచడం నావల్ల కాలేదు. రెండూ చెప్పాను. శనివారం బాయి దిగినాయన సంగతి ఆమెకు తేలిగ్గానే అర్థమైంది. ఎదురుచూసినవాళ్ళనే తెచ్చాడన్న మాట దగ్గర చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"గట్లయితె ఇగ ఫికరెందుకు? ఎదురుసూసుడు వానికి రాదా? నీ కోసం వారం సూసిండు గద."

ఆగమన్నది నేనేనని ఆమెకు నేను చెప్పలేదు. అన్న చెప్పి ఉంటాడు. అంతా తెలిసే ఆమె ఆ ప్రశ్న నన్ను అడిగింది.