మేక పాటకు అర్థం

ఆ రోజుల్లో మా బడికి పెద్దమనుషులు ఎవరొచ్చినా రెండు తప్పనిసరి: మెడలో బంతిపూల దండ, ఎదురుగా లంబాడి నృత్యం. దండ బజారులో దొరికేది, నృత్యానికి నేను దొరికేదాన్ని. సూర్యాపేటలోని ఆ బడిలో మా తరగతికి తండా పిల్లను నేనొక్కదాన్నే మరి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఎవరో ఆఫీసరు వస్తున్నాడన్నారు. నేను అప్పటికే స్వాగతోపన్యాసం రాసుకుని, చేతులు ఎక్కడ ఊపాలో కూడా తేల్చుకున్నాను (ఆడపిల్లల చదువు గురించి, మధ్యలో మా బడిలో నీళ్లు రాని నల్లా గురించి). ఆ మైకు కోసం ప్రాణం కొట్టుకుంటుంటే, ఆటల సారు వచ్చి నావైపు వేలు చూపించాడు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కనుక మాకు విజిల్ సారు.

"రేపు డాన్సు నువ్వే."

"నాకు డాన్సు రాదు సార్. మాట్లాడుడు వస్తది."

"తండా పిల్లకు డాన్సు రాకపోవుడేంది? పుట్టుకతోనే వస్తది."

"అట్లయితే షావుకారు బిడ్డకు పుట్టుకతోనే లెక్కలు రావాలె గద సార్. మొన్న సున్నా వచ్చింది."

మిగిలిన పీరియడంతా బయట నిలబడ్డాను. ఉపన్యాసమిచ్చే అవకాశం షావుకారు బిడ్డకు వెళ్లింది, నేను రాసింది నా దగ్గరే మిగిలింది.

అద్దాల లంగా మా అమ్మకే లేదు, ఆమె చీరలే కట్టేది. నాయినమ్మది అరువు తెచ్చుకున్నాను. లంగా మీద నమ్మకం ఉండి, నా మీద లేక, ఆమె కూడా వెంట వచ్చి వెనక వరుసలో కూర్చుంది. నాకు పాటలు రావు. ఇంట్లో రోజూ చెవిన పడేది ఒక్కటే: ఆరబోసిన మిరపకాయల్లోకి వచ్చిన మేకను నాయినమ్మ తిట్టే తిట్లు. వాటినే మా భాషలో రాగం తీసి, లంగా పట్టుకుని గుండ్రంగా తిరిగాను. ఆఫీసరు తెగ చప్పట్లు కొట్టి, "పాట బాగుందమ్మా, అర్థమేంటి?" అని మైకు నా చేతికిచ్చాడు.

ఇచ్చినవాడిదే తప్పు. రాసుకున్న ఉపన్యాసం మొత్తం, నల్లాతో సహా, పాటకు అర్థంగా చెప్పేశాను. "మన గిరిజనుల పాటల్లో ఎంత లోతుంది" అని ఆయన తల ఊపాడు. విజిల్ సారు కూడా ఊపాడు, ఏం చేస్తాడు.

తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో నాయినమ్మ లంగా అద్దాలు తడిమి చూసుకుంటూ అంది: "ఇన్నేండ్ల సంది ఆ మేకకు ఆడపిల్లల సదువు గురించి చెప్తున్నట్టు నాకే తెల్వదు."

ఇప్పుడు నేను కోదాడలో టీచర్ని. ఎవరైనా వస్తున్నారంటే మా హెడ్మాస్టరు "మేడం, మీ తండా పిల్లలతోటి..." అని మొదలుపెడతారు. "మా పిల్లలంటే అరవై మంది, వాళ్లలో ఎవరండీ?" అంటాను. ఆయన టీ తాగడానికి వెళ్లిపోతారు. తరగతిలో ఎవరి ఊరూ చూడను, ఎవరికి ఏమిష్టమో అడుగుతాను. మొన్న అడిగితే డాన్సుకు మొదట చెయ్యెత్తింది మునగాల వైపు తండా పిల్ల.

"నిన్నెవరన్నా చెయ్యమన్నరా?" అన్నాను, గొడవకు సిద్ధమై.

"లేదు టీచర్, నాకే ఇష్టం."

"మైకులో మాట్లాడు. నేను రాసిస్త."

"నాకు మాట్లాడుడు రాదు టీచర్. డాన్సు వస్తది."

ఈ మాట నేనెక్కడో విన్నాను, తిరగేసి. నా మెడలో విజిల్ ఒక్కటే తక్కువ. వాదించకుండానే డాన్సు జాబితాలో ఆ పిల్ల పేరు రాసుకున్నాను (మా ఇంట్లోవాళ్లు నమ్మరు).

"పాటే దొరకట్లేదు టీచర్. మీకేమన్నా వచ్చా?"

"ఒకటి వస్తది" అని తలుపు దగ్గరగా వేసి పాడాను. మొదటి ముక్కకే ఆ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీచర్, ఇది మేకను..."

"అవును. ఎవరన్నా అర్థం అడిగితే మాత్రం మైకు నాకియ్యి."