పిలిస్తే పలకని మిషన్

పొద్దున ఏడున్నర. మూడు రోజులుగా ఆగని ముసురు. గౌడవెల్లి నుంచి మేడ్చల్ దాకా సైకిలు తొక్కుకొచ్చిన గండయ్య నిలువునా తడిసిపోయాడు. తడికంటే ఆకలి ఎక్కువ బాధ పెడుతోంది. కట్టెలు నానిపోయి పొయ్యి రాజుకోలేదు, వట్టి చాయ్ తాగి బయల్దేరాడు.

షెడ్డులో అప్పటికే కంప్యూటర్ సారు హేమచంద్ ఉన్నాడు. గండయ్య మొహం చూసి ఏమీ అడగలేదు. తన డబ్బా విప్పి, మూతలో రెండు ఇడ్లీలు పెట్టి ముందుకు జరిపాడు.

"తినండి గండయ్య గారూ. ఖాళీ కడుపుతో ప్రెస్సు దగ్గర నిలబడకండి."

అవతల అట్టలు సర్దుతున్న భవాని పకపకా నవ్వింది. "ఏంది గండన్నా, నువ్వు గారు గూడ అయినవా! ఇగ మాతోని మాట్లాడ్తవో లేదో."

"నీకు ఒక ఇడ్లీ ఇస్తగని, జర నోరు మూస్కో," అన్నాడు గండయ్య.

హేమచంద్ అందరినీ అలాగే పిలిచేవాడు. ముప్పై దాటిన మనిషి, భీమవరం వైపు వాడు. భార్య నవ్యశ్రీతో బహదూర్‌పల్లిలో కొత్తగా లేచిన కాలనీలో అద్దెకుండేవాడు. గోళ్లు కొరికే అలవాటు. స్కూటరు దిగగానే ముందు కళ్లజోడు తుడుచుకునేవాడు. ఆ ఫ్యాక్టరీలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేస్తారు. పెట్టె ఆకారంలో అట్టను కోసే పాత ప్రెస్సుకు కంప్యూటర్ బిగించమని యజమాని ప్రతాప్ అతన్ని తెచ్చుకున్నాడు. ఇది బాగా నడిస్తే ఇలాంటి మిషన్లు చేసి పది ఫ్యాక్టరీలకు అమ్మాలని ప్రతాప్ ఆశ. ఆ కంప్యూటర్‌లో నడిచే అసలు ప్రోగ్రాం, హేమచంద్ దాన్ని కర్నెల్ అనేవాడు, బజారులో కొన్నది కాదు. ఆర్నెల్లు కూర్చుని తానే రాశాడు.

మూడో తరగతితో బడి మానేసిన గండయ్యకూ అతనికీ స్నేహం కుదిరింది ఒక సుద్దముక్క వల్ల. అట్టలు లెక్కపెడుతుండగా ఎవరైనా పిలిస్తే, గండయ్య గోడ మీద గీతలు గీసి పోయేవాడు. తిరిగొచ్చి ఆ గీతల నుంచే మొదలుపెట్టేవాడు. ఒకరోజు అది చూసి హేమచంద్ కుర్చీలోంచి లేచాడు.

"మా కర్నెల్ కూడా ఇదే చేస్తుందండీ! మిషన్‌లో ఏ భాగానికి అవసరం పడినా కంప్యూటర్‌ని పిలుస్తుంది. ఆ పిలుపుని ఇంటరప్ట్ అంటాం. చేతిలో పని ఎక్కడ ఆపిందో రాసుకుని, పిలిచినవాడి సంగతి చూసి, మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది."

"గంతేనా సార్? దానికి గింత సదువెందుకు?"

హేమచంద్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ ఫ్యాక్టరీలో అతను అంతలా నవ్వడం గండయ్య మళ్లీ చూడలేదు.

ఆ ముసురు రోజునే, పదకొండు గంటలకు, అట్ట ఒకటి వంకరగా పోయింది. గండయ్య మిషన్ ఆపే ఎర్ర బటన్ నొక్కాడు, వెంటనే చెయ్యి లోపల పెట్టాడు. నొక్కిన తర్వాత ఆగి చూసే అలవాటు ఆ షెడ్డులో ఎవరికీ లేదు. పన్నెండేళ్లుగా ఆ ప్రెస్సు మీద అంతే. బటన్ టక్కుమంటే కరెంటు తెగినట్టు, బ్లేళ్లు ఉన్నచోట ఉన్నట్టు.

బటన్ టక్కుమంది. బ్లేళ్లు దిగాయి.

అట్ట మూల గుచ్చుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. అట్ట అంచు కోసుకోకుండా మణికట్టుకు చుట్టుకునే తువ్వాల కొస మాత్రం లోపలే ఉండిపోయింది. మిషన్ ఒక్క దెబ్బ వేసి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఆగింది. బ్లేళ్ల పలక పైకి లేచాక చూస్తే, తువ్వాల ముక్క మందుల పెట్టె ఆకారంలో శుభ్రంగా తెగి ఉంది. మడతలతో సహా.

గండయ్య తన అయిదు వేళ్లనూ ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకున్నాడు. భవాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హేమచంద్ ఆ గుడ్డముక్కను చేతిలోకి తీసుకుని, నిలబడ్డ చోటే నేల మీద కూర్చుండిపోయాడు.

ప్రతాప్ పరుగున వచ్చాడు. "బటన్ ఒత్తినవా లేదా? నిజం జెప్పు. పొద్దుగాల్నే ఏమన్న ఏస్కొచ్చినవా?"

"చాయ్ తాగొచ్చిన సార్. కంప్యూటర్ సార్ పెట్టిన ఇడ్లీ తిన్న."

"నేను జూసిన సార్, ఒత్తిండు," అంది భవాని.

"నిన్ను అడిగిన్నా?"

హేమచంద్ లేచి ఒక వెదురుకర్ర తెచ్చాడు. చేతికి బదులు దాన్ని లోపల పెట్టి, బటన్ నొక్కి చూశాడు. బ్లేళ్లు ఆగాయి. మళ్లీ నొక్కాడు. ఆగాయి. నలభై సార్లు నొక్కితే నలభై సార్లూ ఆగాయి.

"చూసినవా?" అన్నాడు ప్రతాప్. "మిషన్ మంచిగనే ఉంది. గండయ్యా, రేపటి సంది నువ్వు ప్రెస్సు జోలికి రాకు. పెద్ద బటనే కనవడకపోతే నీతోని ఏం పని జేపియ్యాలె? లెక్క జూస్కొని ఇంటికి పోదువు."

గండయ్యకు చెయ్యి దక్కింది కానీ పని పోయేలా ఉంది. నొక్కానని తనకు తెలుసు. కానీ నలభై సార్లు ఆగింది కదా అని తన మీద తనకే అనుమానం మొదలైంది. కళ్లు మూసుకుని ఆ క్షణాన్ని మళ్లీ తలుచుకున్నాడు. టక్కుమన్న చప్పుడు వినబడింది. దాని వెనక ఇంకో చప్పుడు.

"సార్, అప్పుడు అది మొత్తుకుంటుండె," అన్నాడు, మూలనున్న ప్రింటరును చూపించి. యాభై అట్టలకొకసారి అది కిర్రుకిర్రుమంటూ లేబుల్ అచ్చేస్తుంది.

హేమచంద్ ప్రింటరును నడిపించి, అది కిర్రుమంటుండగా బటన్ నొక్కాడు. బ్లేళ్లు దిగాయి. వెదురుకర్ర రెండు ముక్కలైంది.

రేకుల మీద వాన చప్పుడొక్కటే.

"తప్పు నాదండీ," అన్నాడు హేమచంద్. "ప్రింటరు పిలిస్తే లేబుల్ మొత్తం అయ్యేదాకా కంప్యూటర్ అక్కడే నిలబడుతోంది. మధ్యలో గందరగోళం కాకూడదని మిగతా పిలుపులన్నీ నేనే మూసేశాను. ఆ మూడు సెకన్లు అది చెవిటిది. మీ బటన్ దానికి వినబడలేదు."

గండయ్యకు ఒక్క మాట దగ్గరే బుర్ర ఆగిపోయింది. "వినవడుడేంది సార్? బటన్ ఒత్తితే కరెంటు వోదా?"

"పోదండీ. కంప్యూటర్ బిగించక ముందు పోయేది. ఇప్పుడు బటన్ కూడా ఒక పిలుపే. కంప్యూటర్ వింటేనే ఆపుతుంది."

"మాకెవ్వరు జెప్పలే."

"నేను చెప్పలేదు," అన్నాడు హేమచంద్.

కంప్యూటర్ బిగించినప్పటి నుంచి రోజుకు ఎన్నిసార్లు ఆ బటన్‌ను నమ్మి చెయ్యి పెట్టాడో తలుచుకుంటూ గండయ్య మణికట్టుకు మిగిలిన తువ్వాల విప్పాడు. మెల్లగా అన్నాడు. "మేము బస్తా మోస్తుంటే ఎవలన్న పిలిస్తే, ముందుగాల 'ఆ' అంటం సార్. బస్తా దించినంక పోతం. 'ఆ' అనకుంటే పిలిచెటోనికి ఎట్ల దెలుస్తది? ఇంకోడు పిలిచినా చెవుల వడాలె గద."

హేమచంద్ తువ్వాల ముక్కను పక్కన పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కర్నెల్‌లో ఆ భాగం చెరిపేసి మళ్లీ రాశాడు. ఇప్పుడు ప్రింటరు పిలిస్తే కంప్యూటర్ 'ఆ' అని, పని రాసిపెట్టుకుని, వెంటనే చెవులు తెరుస్తుంది. అక్షరాలు తీరిక చూసుకుని కొంచెం కొంచెం పంపుతుంది. శనివారం మధ్యాహ్నం కర్ర పెట్టి రెండు వందల సార్లు నొక్కారు, ప్రింటరు మొత్తుకుంటుండగానే. కర్రకు గీత కూడా పడలేదు.

ప్రతాప్ మెత్తబడ్డాడు. "సోమవారం సంది ఎప్పటిలెక్క ప్రెస్సు మీదనే ఉండు గండయ్యా. అయిపోయింది గద."

గండయ్య హేమచంద్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. "సార్, ఇగ చెయ్యి వెట్టొచ్చునా?"

హేమచంద్ బటన్ వైపు చూశాడు, గండయ్య చేతి వైపు చూశాడు. రెండు వందల సార్లు ఆగిన మిషన్‌ను రాసిన మనిషి, పెట్టొచ్చు అనలేకపోయాడు. దెబ్బ తప్పిన రోజు కంటే ఆ మౌనానికే గండయ్య ఎక్కువ జడుసుకున్నాడు.

హేమచంద్ నేరుగా ప్రతాప్ గదిలోకి పోయాడు. అద్దం అవతలి నుంచి మాటలు వినబడ్డాయి.

"బటన్‌ని కంప్యూటర్ నుంచి తప్పించాలండీ. మునుపటిలా నేరుగా కరెంటుకే కలపాలి. నేను రాసినదాంట్లో ఇంకెక్కడ తప్పుందో నాకే తెలియదు."

"మంచిగ చెప్తున్నవయ్యా! కొనెటోళ్లకు మొత్తం కంప్యూటరే నడిపిస్తదని జెప్పిన. ఇప్పుడు మల్ల పాత వైరు గుంజితే నవ్వరా? రెండు వందల సార్లు ఆగింది. ఇంకేం గావాలె?"

"నా చెయ్యయితే పెట్టనండీ."

"నిన్నెవరు వెట్టమన్నరు?"

హేమచంద్ బయటికొచ్చి స్కూటరెక్కాడు. ఆదివారం సెలవు.

సోమవారం గండయ్య వచ్చేసరికి ముసురు వెలిసింది. ఎర్ర బటన్ నుంచి వేలంత లావు నల్లటి వైరు ఒకటి గోడ వెంట పాకి, నేరుగా మోటారు స్టార్టరు డబ్బాలోకి పోయింది. క్లిప్పుల వరస తీరుగా ఉంది. గండయ్య మిషన్ నడిపించి, ప్రింటరును నడిపించి, అది మొత్తుకుంటుండగా బటన్ నొక్కాడు. మోటారు ఠక్కున చచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ.

"సార్ ఇంకా రాలేదా?" అని వాచ్‌మన్ సోమయ్యను అడిగాడు.

"నిన్న పొద్దుగాల ఒచ్చిండు, పగలు పన్నెండు దాక ఏందో వైర్లు గుంజిండు. పొయ్యేటప్పుడు తన కాడున్న షెడ్డు తాళపుచేతులు నా చేతిల వెట్టిండు."

"ఏమన్నడు?"

"ఏమనలే."

గండయ్య అతని బల్ల దగ్గరకు వెళ్లాడు. స్క్రూడ్రైవర్లు, జేబుకు పెట్టుకునే పెన్ను, కళ్లజోడు తుడుచుకునే పసుపు గుడ్డ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రోజు నుంచీ కంప్యూటర్ పక్కనే ఉన్న తువ్వాల ముక్క, పెట్టె ఆకారంలో తెగినది, అదొక్కటే లేదు.